మీ ముత్తాతకి రాయి చెక్కకమ్మా

చెన్నై,
ఆదివారం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. మొదటి ప్రపంచ యుద్ధానికి సిపాయిగా వెళ్ళి ఇరాక్‌లోని బస్రాలో పోయిన మీ ముత్తాత మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోన్లో, రెండోసారి పక్కింటి కుర్రాడి చేత ప్రింటు తీయించుకుని పెన్సిలు పట్టుకుని. పెన్సిలు పట్టానంటే నచ్చిందనే లెక్క. నచ్చని కథల మీద గీతలు గీసే ఓపిక ఈ వయసులో నాకు లేదు. అన్నట్టు, నన్ను మాస్టారూ అన్నావు. నేను ఎవరికీ పాఠాలు చెప్పలేదు. హార్బర్‌లో గుమస్తాగా ముప్ఫై ఏళ్ళు రిజిస్టర్లలో అంకెలు వేశాను. అయినా పిలుపు బాగుంది, ఉండనీ.

ముందు చిన్న తప్పు. మూడో పేజీలో బస్రా అనాల్సిన చోట ‘బాసర’ అని పడింది. టర్కీ సైన్యం మీదకి వెళుతున్న మీ ముత్తాతకి దారిలో అక్షరాభ్యాసం చేయించినట్టుంది. దిద్దుకో.

ఇక పెద్ద తప్పు. కథ చివర మునిమనవరాలు ఇరాక్ వెళుతుంది. తెల్ల రాళ్ళ వరసల్లో వెతికి వెతికి ముత్తాత పేరు చెక్కిన సమాధి కనుక్కుంటుంది. సొంతూరు మిలటరీ మాధవరం నుంచి మూట కట్టి తెచ్చిన మట్టి దాని మీద చల్లి, పేజీన్నర ఏడుస్తుంది. తల్లీ, ఆ రాయి అక్కడ ఉండదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన హిందూ, సిక్కు సిపాయిలని వీలైన చోట దహనం చేసేవారు. ఇంగ్లండ్‌లో బ్రైటన్ ఆసుపత్రుల్లో ప్రాణం పోయిన 53 మందిని ఊరి బయట కొండ మీద కాల్చి, బూడిద సముద్రంలో కలిపారు. ఆ చోట 1921లో ఛత్రి అనే స్మారకం కట్టారు. వాళ్ళ పేర్లు అక్కడ రాయికెక్కింది మాత్రం 2010లో.

బస్రా సంగతి ఇంకా ఘోరం. మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో పోయి, సమాధి ఎక్కడో తెలియని 40 వేల మందికి పైగా సైనికుల కోసం 1929లో అక్కడ స్మారకం తెరిచారు. తెల్లవాళ్ళ పేర్లు చెక్కారు. మన అధికారుల పేర్లూ చెక్కారు. మామూలు సిపాయిలు 33 వేలకి పైనే, వాళ్ళకి పేర్లు లేవు. ఫలానా రెజిమెంటు అని రాసి, దాని కింద ఇంతమంది అని ఒక అంకె వేశారు. మా హార్బర్‌లో మూటలు దించుకున్నప్పుడు కూడా అలాగే రాసేవాళ్ళం.

పేర్లు తెలియకనా? కాదు. కాగితాల్లో ఉన్నాయి. పైగా ఫ్రాన్స్‌లో నవ్ షాపెల్ దగ్గర 1927లో తెరిచిన స్మారకం మీద 4,700 మందికి పైగా మనవాళ్ళని పేరు పేరునా చెక్కారు. సిపాయి ఫ్రాన్స్‌లో పోతే పేరు, బస్రాలో పోతే అంకె. దీన్ని ఈ సమాధులనీ స్మారకాలనీ చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థే 2021లో ఒక నివేదికలో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అసలా స్మారకమే ఇప్పుడు మొదట కట్టిన చోట లేదు. 1997లో సద్దాం ప్రభుత్వం దాన్ని ఊడదీసి ఎడారి దారిలో 32 కిలోమీటర్ల అవతలకి తీసుకెళ్ళి పెట్టింది.

ఇది నీ కథకి గొడ్డలిపెట్టు అనుకుని టెన్షన్ పడకు. నాకైతే కథ ఇక్కడే మొదలైంది అనిపిస్తోంది. ఆ పిల్ల అన్ని సముద్రాలు దాటి వెళ్ళి ఒక అంకె ముందు నిలబడుతుంది. ఆ అంకెలో మా ముత్తాత ఎన్నోవాడు? చేతిలో మట్టి ఉంది. ఎక్కడ చల్లాలి? చల్లుతుందా, మళ్ళీ మూట కట్టుకుని వెనక్కి తెచ్చుకుంటుందా? నాకు తెలియదు. నువ్వు రాస్తే చదువుతాను. ఏడిపించకుండా రాస్తే ఇంకా బాగా చదువుతాను.

ఉత్తరం సంగతి. ‘ఈ యుద్ధం మానవత్వానికి మాయని మచ్చ’ అని మీ ముత్తాత చేత ఇంటికి రాయించావు. ఆయన అలా రాయడు. ఆ రోజుల్లో చాలామంది సిపాయిలకి రాయడం రాదు, ఇంకొకరు రాసిపెట్టాలి. రాసింది సెన్సారువాళ్ళు విప్పి చదువుతారు. అందుకే ఫ్రాన్స్ నుంచి రాసిన మన సిపాయిలు కొందరు నల్ల మిరియాలు, ఎర్ర మిరపకాయలు అంటూ వంటింటి లెక్కలు రాశారు. నల్ల మిరియాలంటే మనవాళ్ళు, ఎర్ర మిరపకాయలంటే తెల్లవాళ్ళు. మిరియాలు అయిపోవచ్చాయంటే అర్థం చేసుకోవాల్సినవాళ్ళు చేసుకునేవారు. మీ ముత్తాత చేత గేదె ఈనిందా అని అడిగించు. పోయినసారి పంపిన డబ్బు అందిందా, కౌలు కట్టారా అని అడిగించు. భయం ఆ ప్రశ్నల సందుల్లోంచి దానంతటదే బయటికొస్తుంది. ‘వీరమరణం’, ‘నెత్తుటి నేల’ లాంటి మాటలు పద్నాలుగు చోట్ల లెక్కపెట్టాను. అన్నీ కొట్టేశాను, కోపం తెచ్చుకోకు.

నువ్వు బస్రా గురించి యూట్యూబ్‌లో చూసి రాశానన్నావు. రోజూ ఆఫీసు బస్సులో మౌంట్-పూందమల్లి రోడ్డు మీదే కదా రామాపురం వెళతావు? నందంబాక్కంలో, ట్రేడ్ సెంటర్ దగ్గర్లోనే ఒక యుద్ధ శ్మశానం ఉంది. ఎప్పుడైనా దిగావా? దక్షిణాదిలో, తూర్పున ఎక్కడెక్కడో కంటోన్మెంట్ శ్మశానాల్లో చూసే దిక్కులేక పడి ఉన్న రెండో ప్రపంచ యుద్ధం నాటి సమాధులని ఒకచోటికి చేర్చడానికి 1952లో దాన్ని ఏర్పాటు చేశారు. 850 మందికి పైగా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళ నుంచి చూస్తే మన నందంబాక్కమే పరాయి దేశం. వెనక మొదటి యుద్ధం వాళ్ళ స్మారకం ఒకటుంది. దాని మీద వెయ్యికి పైగా పేర్లు. వాళ్ళ శరీరాలు మాత్రం ఇంకెక్కడెక్కడో ఉన్నాయి. బస్రాలో పేరు లేకుండా పోయినవాళ్ళ గురించి రాయాలంటే, పేరు ఒకచోట, మనిషి ఒకచోట అయిన వీళ్ళ దగ్గర కాసేపు కూర్చోవాలి.

సమాధి మీద ఏముంటుందో చూడు. హోదా, పేరు, దళం, పోయిన తేదీ, వయసు. అడుగున ఇంటివాళ్ళు రాయించుకున్న ఒక వాక్యం. అది అందరికీ ఉండదు. శవాలని స్వదేశానికి పంపకూడదని మొదటి యుద్ధంలోనే నిర్ణయించారు కాబట్టి ఆ తల్లికి దక్కింది ఆ ఒక్క వాక్యమే. ఆ మొదటి యుద్ధం రాళ్ళకి ఒక నియమం ఉండేది. మధ్యలో ఖాళీలతో కలిపి 66 అక్షరాలు మించకూడదు. అక్షరానికి మూడున్నర పెన్నీలు. తర్వాత ఆ డబ్బు ఇష్టమైతేనే కట్టమన్నారనుకో. నీ పేజీన్నర ఏడుపుని 66 అక్షరాల్లోకి దించి చూడు. ఒక్కో అక్షరానికి నీ జీతంలోంచి డబ్బు కడుతున్నాననుకో. నేను ఇప్పటికీ చేసే పని ఇది. చాలాసార్లు ఏమీ మిగలదు. అప్పుడు ఆ పేరా తీసేస్తాను.

నీ తప్పు నేను కూడా చేశాను కాబట్టే ఇంత చెబుతున్నాను. ముప్ఫై ఏళ్ళ వయసులో, ఒక వారపత్రికలో. నా కథలోనూ సిపాయికి బస్రాలో పేరుతో సమాధి దొరికింది. అందరూ మెచ్చుకున్నారు. నెల తర్వాత ఒక రిటైర్డ్ హవల్దార్ కార్డు రాశాడు. ‘మా తాత కూడా బస్రాలోనే పోయాడండి. ఆయనకి రాయి లేదు. మీ కథలోనైనా ఒకరికి దొరికింది, సంతోషం’ అని. వెక్కిరించాడా, నిజంగానే సంతోషపడ్డాడా అని ఎన్ని రాత్రులు ఆలోచించానో. జవాబు రాయలేకపోయాను.

వచ్చే ఆదివారం పొద్దున్నే ఇంటికి రా. ఇడ్లీ తిని, ఎండెక్కకముందే నందంబాక్కం వెళదాం. ఫోటోలు తీయొద్దు, నోట్‌బుక్ తెచ్చుకో. ఒక్క వరసలో వయసులన్నీ చేత్తో రాసుకుంటే చాలు. ఈలోగా మీ అమ్మమ్మకి ఫోన్ చేసి, ముత్తాత పోయిన కబురు ఇంటికి ఎలా తెలిసిందో అడుగు. ఎవరు తెచ్చారు, అప్పుడు ఇంట్లో ఎవరేం చేస్తున్నారు. ఆవిడకి గుర్తులేదంటే, గుర్తులేదనే రాసుకో.

ఇట్లు,
మీ మాస్టారు