జ్వరం రాని రోగి

కర్నూలు

చిరంజీవికి,

నీ కథ చేరింది. అనంతపురం పక్క పల్లె, కిడ్నీ మార్పిడి జరిగిన రైతు, శెనక్కాయలు మిషనుకు వేసే రోజులు, అన్నీ కళ్లకు కట్టినాయి. ఒళ్లు పెనం మాదిరి కాలే జ్వరం దగ్గరే నాకు నమ్మకం కుదరలేదు.

మార్పిడి అయినవాళ్లు టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ మింగుతుంటారు. కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదని తరమకుండా ఆ మందులు. వాటివల్లే ఒంట్లో పోరాడే శక్తి తగ్గి క్రిములకూ అదను దొరుకుతుంది. పైగా ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ వాడుతుంటే ఇన్ఫెక్షన్ ముదిరినా జ్వరం పెద్దగా కనపడకపోవచ్చు. 104 డిగ్రీలు ఎందుకు నాయనా? సంగటి ముద్ద సగంలో వదిలేసి లేచాడని రాయి. భార్య గమనిస్తుంది, చదివేవాడూ గమనిస్తాడు.

మిషను దుమ్ము బాగా రాశావు గానీ దాన్ని వాడుకోలేదు. నోకార్డియా అనే బాక్టీరియా మట్టిలోనే ఉంటుంది. దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అక్కడినుంచి మెదడుకూ పాకగలదు. దగ్గు, చిక్కిపోవడం, ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ అనుకోవడం మామూలే. మన దగ్గర టీబీ తక్కువేం కాదు, డాక్టర్లనూ తప్పు పట్టలేం. నీ కథ ఇక్కడుంది. టీబీకని రిఫాంపిసిన్ మొదలుపెడితే అది లివర్‌ను ఉసిగొలిపి టాక్రోలిమస్‌ను త్వరత్వరగా అరగదీస్తుంది. రక్తంలో లెవెల్ పడిపోతుంది, తమ్ముడిచ్చిన కిడ్నీకే ముప్పు. అట్లా కాక, దగ్గుకని మెడికల్ షాపులో అడిగి క్లారిత్రోమైసిన్ వేసుకున్నాడనుకో, టాక్రోలిమస్ లెవెల్ పెరిగి చేతులు వణుకుతాయి, కిడ్నీ దెబ్బతింటోందని చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎక్కుతుంది. ఆ షావుకారును దుర్మార్గుణ్ణి చెయ్యాల్సిన పనేముంది?

కఫం పరీక్షను ఒక్క వాక్యంలో తేల్చేశావు. నోకార్డియా నిదానంగా పెరుగుతుంది. అనుమానముందని ల్యాబుకు ముందే చెబితే క్రిముల్ని పెంచి చూసే కల్చర్ ప్లేట్లు ఎక్కువ రోజులు ఉంచుతారు, చెప్పకుంటే 'ఏమీ పెరగలేదు' అని రిపోర్టు రావచ్చు. ఆ కాగితం పట్టుకుని బస్టాండులో కూర్చున్న భార్యకు ఒక పేజీ ఇవ్వు.

చివర్లో పదిరోజులకే మనిషిని లేపి దుక్కి దున్నించావు. తీసెయ్. నోకార్డియాకు ఎక్కువగా వాడే మందు కోట్రైమాక్సజోలే గానీ నెలల తరబడి, తరచుగా ఆరు నెలలకు పైనే వాడాలి, మధ్యమధ్య రక్తపరీక్షలు. ఆలోపు ఇంకో పంట కోతకొస్తుంది. ఆయన మిషను దగ్గరికి పోకూడదు, కూలీలకు ఇంట్లో డబ్బు లేదు. అక్కణ్ణుంచి తిరగరాసి పంపు. డాక్టరు ఉపన్యాసం మాత్రం సగానికి కొట్టెయ్, చదవలేక చచ్చినాను.