లైకా కొనలేను, మరి ఏం కొనను?

ప్రశ్న: నేను హైస్కూల్ టీచర్ని. ఆదివారాలు గిలకలదిండి రేవులో, పెడనలో కలంకారీ అద్దకం చేసే చోట ఫోన్‌తో ఫొటోలు తీస్తుంటాను. ఈమధ్య ఓ ప్రదర్శనలో లైకాతో తీసిన ఫొటోలు చూశాను. అప్పట్నుంచి మనసంతా దానిమీదే ఉంది. ధర తెలిశాక ఆశ వదులుకున్నాను. డెబ్బై వేలు దాచాను. అంత చిన్నగా ఉండి, పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా ఏదైనా ఉందా? వాడినది కొనొచ్చా?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: టీచరు గారూ, ఉంది. వాడినది నిశ్చింతగా కొనొచ్చు, కాకపోతే కొన్ని పరీక్షలు చేశాకే.

ముందు లైకా గురించి రెండు మాటలు. ఆ కంపెనీ ఎం11 మోడల్ 2022లో వచ్చినప్పుడు అమెరికాలో బాడీ ఒక్కటే 8,995 డాలర్లు. లెన్స్ వేరే. స్నేహితుడి లైకా ఒక మధ్యాహ్నం నా చేతిలో ఉంది. కన్ను పెడితే వ్యూఫైండర్ మధ్యలో చిన్న గడి. ఆ గడిలో ఎదుటి మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్స్ రింగు తిప్పుతుంటే ఆ రెండు బొమ్మలూ దగ్గరికి జరిగి ఒకటైపోతాయి, అదే ఫోకస్. ఇలా ఫోకస్ చేసే కెమెరానే రేంజ్‌ఫైండర్ అంటారు. ఫొటోలో పడే మేర తెల్లటి గీతల మధ్య ఉంటుంది. గీతల అవతల నుంచి ఎవరు నడిచొస్తున్నారో కూడా తెలుస్తుంది. ఆ గడి మీ బడ్జెట్‌లోని ఏ డిజిటల్ కెమెరాలోనూ దొరకదు. ఆ మాట దాచి మీకు ఇంకేదో అంటగట్టడం నాకు ఇష్టం లేదు.

మిగతావి చాలావరకు దొరుకుతాయి. ముఖ్యంగా, మనిషిని బెదరగొట్టని సైజు.

చీరాలలో ఒక మగ్గం ఇంటికి మొదటిసారి పెద్ద డీఎస్ఎల్ఆర్‌తో వెళ్లాను. నేతపనివారు నన్ను చూడగానే నాడె ఆపేశారు. గుంటలోంచి లేచి, మొహం తుడుచుకుని, కొక్కేనికి ఉన్న చొక్కా తీసి తొడుక్కుని, మళ్లీ దిగి నిటారుగా కూర్చున్నారు. అన్నీ పాస్‌పోర్టు ఫొటోలే వచ్చాయి. మరో నెలకు జేబులో పట్టే రికో జీఆర్‌తో వెళ్లాను. ఒకసారి తలెత్తి చూసి, "కూర్చోండి" అని మళ్లీ పనిలో పడ్డారు. నాడె అటూ ఇటూ పోతూనే ఉంది. కిటికీ వెలుగు పడుగు మీద పడుతోంది. షట్టర్ 1/60 సెకను, లెన్స్ రంధ్రం ఎఫ్2.8 (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), వెలుతురును పట్టే సున్నితత్వం ఐఎస్ఓ 3200. ఆ ఫొటో ఇప్పుడు మా ఇంటి గోడ మీద ఉంది.

అంత తక్కువ వెలుతురులో బొమ్మ గరుకెక్కకుండా ఉండటానికి కారణం సెన్సర్, అంటే వెలుతురును బొమ్మగా మార్చే చిప్. లైకా ఎం11 సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. నేను చెప్పబోయే కెమెరాల్లో ఉండేది ఏపీఎస్-సి, సుమారు 23.5×15.6. లైకాకు సగం కన్నా తక్కువే, కానీ మంచి కాంపాక్ట్ కెమెరాల్లో ఉండే 'ఒక అంగుళం' సెన్సర్‌కు మూడు రెట్లకు పైగా. చాలా ఫోన్లలో ఆ ఒక అంగుళం కూడా ఉండదు.

మీ పనికి నా దృష్టిలో రెండే ఉన్నాయి. మొదటిది 2019లో వచ్చిన రికో జీఆర్ 3. బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములు. 24 మెగాపిక్సెల్స్, 28 ఎంఎం చూపు (ఈ అంకె తగ్గేకొద్దీ ఫొటోలో ఎక్కువ మేర పడుతుంది), చెయ్యి వణికినా సర్దుకునే స్టెబిలైజేషన్. మాక్రోలో 6 సెంటీమీటర్ల దాకా దగ్గరికెళ్లొచ్చు, కాబట్టి పెడనలో చెక్క అచ్చు అంచున నిలిచిన రంగు చుక్కను కూడా పట్టేస్తుంది. లోపాలూ ఉన్నాయి. వ్యూఫైండర్ లేదు, మే నెల ఎండలో రేవులో స్క్రీన్ సరిగా కనపడదు. బ్యాటరీ 200 ఫొటోలకే అయిపోతుంది, రెండోది కొనుక్కోక తప్పదు. దుమ్ము, తేమ నుంచి రక్షణ లేదు.

రెండోది ఫూజీఫిల్మ్ ఎక్స్100 కుటుంబం. లైకా మీద ఆశపడిన కంటికి దగ్గరి చుట్టం ఇదే. అసలైన గాజు వ్యూఫైండర్, అందులో వెలుగు గీతలు, గీతల అవతలి లోకం... ఆ అనుభవం చాలావరకు ఇందులో ఉంది. కావాలంటే ఒక మీట నొక్కి ఎలక్ట్రానిక్ తెరకు మారొచ్చు. 35 ఎంఎం చూపు, ఎఫ్2 లెన్స్. షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది కాబట్టి చప్పుడు దాదాపు వినపడదు. 2020 నాటి ఎక్స్100వి, 2024 నాటి ఎక్స్100 సిక్స్ జోలికి వెళ్లకండి. కుర్రకారు వాటి వెంట పడటంతో వాడినవాటి ధరలు కూడా పైకి పోయాయి. 2017 నాటి ఎక్స్100ఎఫ్ వెతకండి. దీని బ్యాటరీ చాలా ఫూజీ కెమెరాల్లో వాడేదే, సులువుగా దొరుకుతుంది. 2014 నాటి ఎక్స్100టి అయినా మంచిదే. ఈ పాత లెన్సులు బాగా దగ్గరగా ఎఫ్2లో తీస్తే పొగమంచు పట్టినట్టు మెత్తగా వస్తాయి. ఎఫ్4కు తెచ్చుకుంటే సరిపోతుంది.

మీ స్థానంలో నేనుంటే ఎక్స్100ఎఫ్ తీసుకుంటాను. రేవులో ఎండ ఎక్కువ, మీకు కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ కావాలి. ఉప్పుగాలి తగిలిన రోజు ఇంటికి రాగానే కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆపైన పొడి గుడ్డతో తుడవండి. పడవ ఎక్కితే మాత్రం సంచిలోంచి తీయకండి, దీనికీ నీటి రక్షణ లేదు.

ఇక వాడినది కొనేటప్పుడు. నా జీఆర్ ఒక దుకాణంలో వాడినదే కొన్నాను. పైకి గీత కూడా లేదు. రెండు వారాలకు సూర్యలంక బీచ్‌లో తీసిన ఫొటోలన్నిటిలో ఆకాశం మీద కుడివైపు ఒకేచోట బూడిదరంగు మచ్చ. సెన్సర్ మీద దుమ్ము! లెన్స్ ఊడిరాని కెమెరా కదా, ఊదితే పోదు. మొత్తం విప్పి శుభ్రం చేయాల్సిందే. ఆ ఖర్చు తలచుకుంటే ఇప్పటికీ బాధే. అందుకని కౌంటర్ దగ్గరే ఎఫ్16 పెట్టి, తెల్లటి గోడను రెండు ఫొటోలు తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి మూలమూలా చూడండి. మచ్చ కనిపిస్తే ఎంత తగ్గిస్తామన్నా తీసుకోకండి. తర్వాత ఇరవై సార్లు ఆన్, ఆఫ్ చేయండి. జీఆర్ లెన్స్ బయటికొచ్చేటప్పుడు గరగరమనకూడదు. ఫూజీలో రింగులు, చక్రాలు అన్నీ తిప్పి, అంకెలు మారుతున్నాయో లేదో చూడండి.

ఒక చిన్న సాధన కూడా చెబుతాను. మన మంచం పొడవు సుమారు రెండు మీటర్లు. జీఆర్‌లో స్నాప్ ఫోకస్‌ను, అంటే ముందే పెట్టుకున్న దూరానికి నిలిచిపోయే ఫోకస్‌ను, 2 మీటర్లకు, ఎఫ్8కు పెడితే ఒక మీటరు నుంచి నలభై మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ కోసం ఆగాల్సిన పనే లేదు. 'ఆ మనిషికీ నాకూ మధ్య ఒక మంచం పడుతుందా?' అని కంటితో కొలిచి నొక్కేయడమే. ఎక్స్100లో అదే ఎఫ్8తో 3.3 మీటర్లకు పెడితే సుమారు 1.7 మీటర్లు దాటినదంతా వస్తుంది. పాత రేంజ్‌ఫైండర్ వాళ్లు వీధిలో చేసింది ఇదే.

ప్రశ్న: బీరువాలో మా నాన్నగారి యాషికా ఎలక్ట్రో 35 దొరికింది. ఇదీ రేంజ్‌ఫైండరేనా? పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అచ్చమైన రేంజ్‌ఫైండరే. 45 ఎంఎం ఎఫ్1.7, చాలా మంచి లెన్స్. బందరు టీచరు గారికి నేను వర్ణించిన గడి ఇందులో ఉంటుంది, వ్యూఫైండర్‌లోంచి ఒకసారి చూడండి.

దీనికి కావాల్సిన 5.6 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు రాదు. అడాప్టర్ వేసి 6 వోల్టులది వాడుతున్నారు. బ్యాటరీ లేకపోయినా ఫోకస్ పనిచేస్తుంది, షట్టర్ మాత్రం 1/500 మీదే పడుతుంది. మీట తిప్పి రీలు ముందుకు జరుపుతుంటే లోపల 'టక్' మని వినపడాలి. వినపడకపోతే లోపలి రబ్బరు ముక్క అరిగిపోయిందన్నమాట, అప్పుడు ఎక్స్‌పోజర్ తప్పుతుంది. వెనక తలుపు తెరిచి అంచుల్లో నల్లటి స్పాంజి వేలికి జిగురుగా అంటుకుంటోందేమో కూడా చూడండి. అంటుకుంటే అది మార్పించాకే రీలు వేయండి, లేకపోతే వెలుతురు చొరబడుతుంది. వేసిన మొదటి రీలులో ఒక్క ఫొటో అయినా మీ నాన్నగారిదో, ఆయన కూర్చున్న కుర్చీదో తీయండి.

ప్రశ్న: 16 మెగాపిక్సెల్స్ ఈ రోజుల్లో సరిపోతాయా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: సరిపోతాయి. పైన చెప్పిన ఎక్స్100టి కూడా 16 మెగాపిక్సెల్సే, దాని ఫొటో 4896×3264 పిక్సెల్స్. 12×18 అంగుళాల పెళ్లి ఆల్బమ్ పేజీ నిండుగా వేసినా అంగుళానికి 272 పిక్సెల్స్ వస్తాయి. మా స్టూడియోలో అంతకన్నా తక్కువవాటితో వేసిన ఆల్బములు ఇప్పటికీ ఇళ్లలో చూసుకుంటున్నారు. బాగా కత్తిరించి వాడే అలవాటుంటే 24 తీసుకోండి.