చలికాలం బిల్లు: కొత్త హీటర్ కొనే ముందు

ప్రశ్న: నాకు చిన్న కుట్టు యూనిట్ ఉంది. ముందు షాపు, వెనక గదిలో ఐదుగురు కుడతారు. చలికాలం వచ్చిందంటే కరెంటు బిల్లు దాదాపు రెట్టింపు అవుతోంది. పాత హీటర్లు తీసేసి ‘తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి’ ఇచ్చే కొత్తవి కొనమని అంటున్నారు. కొనమంటారా? హీటర్లు తగ్గిస్తే పనివాళ్లు ఇబ్బంది పడతారేమోనని ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడప్పుడే కొనకండి. కాయిల్ హీటరైనా, ఆయిల్ నింపినదైనా, ఫ్యాన్ ఉన్నదైనా ఒక యూనిట్ కరెంటు తీసుకుని ఇచ్చేది ఒక యూనిట్ వేడే, పెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే. 2,000 వాట్ల హీటరు ఆగకుండా 8 గంటలు నడిస్తే 16 యూనిట్లు కాలుతుంది, అది పాతదైనా కొత్తదైనా. లెక్క మారేది ఏసీతోనే. అందులో వేడినిచ్చే మోడ్ ఉంటే బయటి గాలిలోని వేడిని లాగి లోపలికి తెస్తుంది కాబట్టి, మరీ గడ్డకట్టే చలి లేనప్పుడు యూనిట్‌కి దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మీ దగ్గర ఏసీ ఇప్పటికే ఉంటే రిమోట్ మీద ఆ మోడ్ ఉందేమో చూడండి, చాలామంది దాన్ని ఎండాకాలం అయిపోగానే కవర్ కప్పేసి మర్చిపోతారు.

అయితే దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. రాత్రి షాపు మూసేటప్పుడు మీటర్ రీడింగ్ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, పొద్దున తాళం తీయగానే మళ్లీ తీయండి. ఎవరూ లేని వేళలో ఎన్ని యూనిట్లు కాలాయో తేలిపోతుంది. కెమెరాలు, రూటర్ తినేది చాలా తక్కువ, కాబట్టి అంకె పెద్దదిగా కనిపిస్తే గీజరో, రాత్రంతా వెలిగే బోర్డు లైట్లో, ఎవరూ ఆపని హీటరో ఉన్నట్టే. ఒక వారం ఇలా చూస్తే బిల్లు ఎక్కడ పెరుగుతోందో మీకే అర్థమవుతుంది.

ఇక గది సంగతి. షాపు తలుపు తెరిచినప్పుడల్లా వెనక గదిలోని వేడి బయటికి పోతుంటే ఎన్ని హీటర్లు పెట్టినా చాలవు. రెండు గదుల మధ్య తలుపుకి, అదే మూసుకునేలా డోర్ క్లోజర్ పెట్టించండి. సన్నటి టిష్యూ ముక్కని తలుపు సందుల దగ్గర, కిటికీ అంచుల దగ్గర పట్టుకోండి. అది ఊగిన ప్రతి చోటా ఫోమ్ పట్టీ అంటించండి. గ్యాస్ హీటర్ వాడుతుంటే మాత్రం గాలి వచ్చే దారులు అస్సలు మూయొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణాలు తీస్తుంది.

పనివాళ్ల గురించి మీరు ఆలోచిస్తున్నందుకు సంతోషం. వేళ్లు బిగుసుకుపోతే కుట్టు వంకర పోతుంది, విప్పి మళ్లీ కుట్టాలి, ఆ నష్టం ఏ బిల్లులోనూ కనిపించదు. అందుకే వేడి మొత్తానికే తగ్గించడం కాదు, మనిషి దగ్గరికి చేర్చండి. గంటల తరబడి కూర్చునేవాళ్లకి చలి ముందు పాదాలకే ఎక్కుతుంది, కాబట్టి పెడల్ కింద, కాళ్ల కింద మందపాటి మ్యాట్ వేయించండి. ముందు షాపులో గదంతా వేడి చేయాల్సిన పని లేదు, కౌంటర్ దగ్గర కూర్చునే మనిషి వైపు తిప్పిన చిన్న రేడియంట్ హీటర్ (ఎదురుగా ఉన్న మనిషికి నేరుగా వేడి తగిలే రకం) సరిపోతుంది. దాన్ని బట్టకి, దారం ముక్కలకి దూరంగా పెట్టడం మాత్రం మర్చిపోకండి. ఇస్త్రీ పని రోజంతా చెదురుమదురుగా కాకుండా పొద్దున్నే వెనక గదిలో ఒకేసారి పెట్టుకోండి. ఇస్త్రీపెట్టె మాటిమాటికీ వేడెక్కే ఖర్చు తగ్గుతుంది, గది చల్లగా ఉన్న వేళకి ఆ వేడీ కలిసొస్తుంది.

మీ మెషిన్లకి పాత క్లచ్ మోటార్లు ఉన్నాయా? అవి కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటాయి. సర్వో మోటార్ పెడల్ తొక్కినప్పుడే తిరుగుతుంది. హీటర్ కోసం దాచిన డబ్బు అటు పెడితే ఏడాది పొడుగునా మిగులుతుంది.

బిల్లు మీద గరిష్ఠ డిమాండ్ (ఒకేసారి వాడిన కరెంటు అత్యధికంగా ఎంతకి చేరిందో చెప్పే అంకె) అనే లైను ఉంటే అదీ చూడండి. పొద్దున్నే హీటర్లు, గీజరు, ఇస్త్రీపెట్టె అన్నీ ఒకేసారి వేస్తే ఆ అంకె ఎగబాకి ఛార్జీ పెరగొచ్చు. పావుగంట, అరగంట తేడాతో ఒక్కొక్కటి వేయమని పొద్దున తాళం తీసేవాళ్లకి చెప్పండి.