ఆర్చర్‌ని చంపింది బ్రిజిడ్ అని స్పేడ్‌కి ఎలా తెలిసింది? (‘ది మాల్టీస్ ఫాల్కన్’, 1930)

ఈ నవలలో స్పేడ్ డిటెక్టివ్, ఆర్చర్ అతని భాగస్వామి, బ్రిజిడ్ వాళ్ల క్లయింటు. స్పేడ్ మనసులో ఏముందో రచయిత హ్యామెట్ ఎక్కడా చెప్పడు. చేతలు, మాటలే చూపిస్తాడు. అందుకే ముగింపు హఠాత్తుగా అనిపిస్తుంది.

1. రెండో అధ్యాయం మళ్లీ తీయండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో బర్రిట్ వీధి, ఆర్చర్ శవం.

2. అందరూ దాటేసేది ఇక్కడే: ఓవర్‌కోటు బొత్తాలు పెట్టే ఉన్నాయి. తుపాకీ నడుం దగ్గరే ఉంది, పేల్చలేదు. అంటే ఆర్చర్‌కి ఎదుటి మనిషి మీద అనుమానమే రాలేదు. తాను వెంటాడుతున్న థర్స్‌బీతో అయితే, అనుభవమున్న డిటెక్టివ్ చీకటి సందులోకి అంత ధీమాగా వెళ్లడు. క్లయింటుగా వచ్చిన అందగత్తె బ్రిజిడ్ పిలిస్తే వెళ్తాడు.

3. కాల్చిన తుపాకీ థర్స్‌బీది. మనల్ని పక్కదారి పట్టించేది అదే.

ఇప్పుడు చివరి అధ్యాయం చదవండి, స్పేడ్ చెప్పే లెక్క ఇదే.