లేజర్ ప్రొజెక్టర్‌ని జాయ్‌స్టిక్‌తో తిప్పాలి: డీఎంఎక్స్‌కి కలపాలా, ఇల్డాకి కలపాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: చెన్నైలో రిసెప్షన్లకి లైటింగ్ వేస్తుంటారు, మీ లేజర్ ప్రొజెక్టర్ వెనక డీఎంఎక్స్ (స్టేజి లైట్లకి అంకెల్లో ఆజ్ఞలు పంపే పద్ధతి), ఇల్డా (లేజర్ బొమ్మ గీసే సిగ్నల్ నేరుగా వెళ్లే పద్ధతి) సాకెట్లు రెండూ ఉన్నాయి, పాటకి తగ్గట్టు బీమ్‌ని చేత్తో తిప్పడానికి ఆర్డుయినోతో, అంటే మనం కోడ్ రాసి ఎక్కించుకునే చిన్న బోర్డుతో, ఒక జాయ్‌స్టిక్ బాక్స్ తయారు చేసుకోవాలి, దాన్ని దేనికి కలపాలి?

డీఎంఎక్స్‌కి కలపండి. ఇల్డా జోలికి పోకండి.

నాది నెల్లూరు. పగలు అంబత్తూరులో ఉద్యోగం, శని ఆదివారాలు మా బావ లైటింగ్ పనికి తోడు వెళుతుంటాను. ఆయన కోసం కట్టిన బాక్స్ ఇప్పటికీ హాళ్లలో వాడుతున్నాం, కాబట్టి ఇది చేసి చూసిన సంగతే.

ముందు ఇల్డా ఎందుకు వద్దో చెబుతాను. ఆ 25 పిన్నుల సాకెట్‌లోకి వెళ్లేది డేటా కాదు, నేరుగా వోల్టేజి. 1, 14 పిన్నుల మధ్య ఎక్స్ (అడ్డంగా కదలడానికి), 2, 15 మధ్య వై (నిలువుగా కదలడానికి). ఒక్కో తీగ ప్లస్ 5, మైనస్ 5 వోల్టుల మధ్య ఊగుతుంది, జంటలో రెండోది దానికి సరిగ్గా ఎదురు. అంకెల్ని వోల్టేజిగా మార్చే ఒక డాక్ చిప్, దాన్ని పెంచే నాలుగు ఆప్ ఆంప్‌లు ఉంటే ఆ వోల్టేజి తెప్పించడం పెద్ద పనేం కాదు. అందుకే ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లకి మనసు అటే లాగుతుంది. కానీ స్టిక్ మీ చేతిలో ఎక్కడ ఆగితే లోపల బీమ్‌ని తిప్పే చిన్న అద్దాలు (గాల్వోలు) కూడా అక్కడే ఆగుతాయి. లేజర్ పవరంతా ఒకే చుక్క మీద నిలబడిపోతుంది. 500 మిల్లీవాట్లు దాటిన ప్రొజెక్టర్లు క్లాస్ 4, అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన తరగతి, కిందికి వస్తాయి. అలాంటి బీమ్ కదలకుండా ఎవరి కంట్లోనైనా పడితే రెప్ప వేసేలోపే జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చే ఇల్డా సిగ్నల్‌కి మధ్యలో జాయ్‌స్టిక్ వోల్టేజిని కలిపితే బొమ్మ మొత్తం పక్కకి జరుగుతుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కాకపోతే జనం వైపు బీమ్ పోకుండా మీరు సాఫ్ట్‌వేర్‌లో గీసుకున్న హద్దు కూడా బొమ్మతో పాటే జరిగిపోతుంది, ఆ విషయం సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. నాకైతే అది ఒప్పుకోలేని సంగతి.

ఇక డీఎంఎక్స్ వైరింగ్. ఇందులో చెప్పడానికి ఎక్కువ లేదు. ఆర్డుయినో ఊనో, దాని సిగ్నల్‌ని డీఎంఎక్స్ తీగల మీదికి పంపే ఒక మ్యాక్స్ 485 మాడ్యూల్, డీఎంఎక్స్ కేబుల్ గుచ్చుకునే ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్. మాడ్యూల్ మీద డీఈ, ఆర్‌ఈ పిన్నులు రెంటినీ కలిపి 5 వోల్టులకి కట్టేయండి, ఎందుకంటే మనం పంపడమే తప్ప వినేది లేదు. మాడ్యూల్ మీద A అని ఉన్న చోటు నుంచి తీగ ఎక్స్‌ఎల్‌ఆర్ 3వ పిన్‌కి, B నుంచి 2వ పిన్‌కి, గ్రౌండ్ 1కి. డీఎంఎక్స్ సింపుల్ లైబ్రరీ వేసుకుంటే సెకనుకి 2,50,000 బిట్ల టైమింగ్ గొడవంతా అదే చూసుకుంటుంది. వరసలో చివరి ప్రొజెక్టర్ దగ్గర 120 ఓమ్‌ల టెర్మినేటర్ (చివర పెట్టే రెసిస్టర్) పెట్టండి. మైక్ కేబుల్‌తో లాగించేద్దాం అనుకోకండి. చిన్న గదిలో పనిచేస్తుంది, హాల్లో పొడుగ్గా లాగితే బీమ్ ఉన్నట్టుండి గెంతుతుంది.

అసలు కథ ఛానెల్ పట్టికలో ఉంది. డీఎంఎక్స్‌లో ప్రొజెక్టర్ చేసే ఒక్కో పనికి ఒక్కో ఛానెల్, దాంట్లో 0 నుంచి 255 వరకు ఒక అంకె; ఏ అంకెకి ఏం చేస్తుందో మాన్యువల్‌లోని ఆ పట్టిక చెబుతుంది. చవక ప్రొజెక్టర్లలో చాలావాటికి ఎక్స్ పొజిషన్ ఛానెల్లో 0 నుంచి 127 వరకే మనం చెప్పిన చోట నిలబడడం. 128 దాటితే అది దానంతట అదే అటూ ఇటూ ఊగే మోడ్‌లోకి వెళ్లిపోతుంది. ఆర్డుయినో స్టిక్‌ని 0 నుంచి 1023గా చదువుతుంది కదా, దాన్ని తిన్నగా 0 నుంచి 255కి మార్చి పంపారనుకోండి, సగం దాటగానే బీమ్ మీ మాట వినదు. కోడ్‌లో తప్పుందేమో అని వెతుక్కుంటూ కూర్చుంటారు. మాన్యువల్ చూసి 127 దగ్గరే కట్ చేయండి.

అలా కట్ చేస్తే మిగిలేది 128 మెట్లు. ప్రొజెక్టర్ 40 డిగ్రీలు తిరుగుతుంది అనుకుంటే ఒక్కో మెట్టు దాదాపు 0.31 డిగ్రీ. 20 మీటర్ల అవతల గోడ మీద అది సుమారు 11 సెంటీమీటర్ల గెంతు. వేగంగా తిప్పితే ఎవరికీ కనబడదు, మెల్లగా జరిపితే మాత్రం చుక్క టక్ టక్ మని దూకుతుంది. ఎంత ఫిల్టరింగ్ రాసినా ఆ మెట్లు పోవు, అవి ప్రొజెక్టర్ వైపువి. అందుకే నేను కనీస వేగం ఒకటి పెట్టేశాను: కదిలితే అంతకన్నా నెమ్మదిగా కదలకూడదు. ఒక్కో మెట్టుని ఇంకా చిన్న మెట్లుగా విడగొట్టే రెండో ఫైన్ ఛానెల్ పొజిషన్‌కి ఉన్న ప్రొజెక్టర్ అయితే ఈ బాధ లేదు, ధర కూడా అలాగే ఉంటుంది.

స్టిక్ స్థానాన్నే బీమ్ స్థానంగా పెట్టకండి. చెయ్యి వదిలితే స్ప్రింగ్ మధ్యకి లాగేస్తుంది, దాంతో బీమ్ కూడా సర్రున మధ్యకి వచ్చేస్తుంది. దాని బదులు స్టిక్ ఎంత వంచితే అంత వేగం అని రాయండి. వదిలితే ఉన్నచోటే ఆగుతుంది, స్టిక్‌ని కిందికి నొక్కితే మధ్యకి రావాలి. డ్రోన్ ఎగరేసే కుర్రాళ్లకి ఇది ఇట్టే అలవాటవుతుంది. ఆగినప్పుడు ఒంటి చుక్క మిగలకుండా ప్యాటర్న్ ఛానెల్లో గీత గానీ సున్నా గానీ పెట్టి ఉంచండి. చుక్క ప్యాటర్న్‌ని నా కోడ్‌లో అసలు ఎంచుకోనివ్వను.

మధ్యలో ఉన్న స్టిక్ ఎప్పుడూ సరిగ్గా 512 చూపించదు. ఒకటి 498 అంటుంది, ఇంకోటి 530 అంటుంది, ఏసీ హాల్లో ఒకటి, బయట ఇంకొకటి. ఆన్ చేయగానే స్టిక్ ముట్టుకోకుండా కొన్ని రీడింగులు తీసి సగటుని మధ్యగా గుర్తుపెట్టుకోమనండి. దానికి అటు 25, ఇటు 25 దాకా సున్నా కిందే లెక్క. ఆ తర్వాత వేగాన్ని వర్గంలో పెంచండి, అంటే సగం వంచితే పావు వంతు వేగం. చేతికి వచ్చే తేడా మాటల్లో చెప్పలేను.

10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్లతో (తిప్పితే విలువ మారే రెసిస్టర్లు) వచ్చే చిన్న జాయ్‌స్టిక్ మాడ్యూల్ నేర్చుకోవడానికి చాలు. మన సముద్రపు తేమకీ హాల్లో ఫాగ్ మిషన్ పొగకీ వాటి కార్బన్ ట్రాక్ ఎక్కువ కాలం నిలవదు, రీడింగు గరగరలాడడం మొదలవుతుంది. డబ్బులు తీసుకుని చేసే పనికి లోపల ఒరిపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ జాయ్‌స్టిక్ వేసుకోండి. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో మాడ్యూళ్లు, కనెక్టర్లు, డబ్బా అన్నీ దొరుకుతాయి.

ఇప్పుడు ఆపే బటన్. దీన్ని ఆర్డుయినోకి కలపకండి. చాలా ప్రొజెక్టర్ల వెనక ఇంటర్‌లాక్ అని ఒక సాకెట్ ఉంటుంది, మామూలుగా దాంట్లో రెండు పిన్నుల్నీ కలిపేసే షార్ట్ ప్లగ్ పెట్టి ఇస్తారు. ఆ ప్లగ్ తీసి, రెండు తీగలు లాగి, ఎర్రటి పుట్టగొడుగు స్విచ్‌లో నొక్కితే తెగే కాంటాక్ట్‌కి కట్టండి. కోడ్ వేలాడిపోయినా అది లేజర్‌ని ఆపుతుంది. స్టిక్ పక్కన ఇంకో బటన్, అది పట్టుకుని ఉన్నంతసేపే డిమ్మర్ ఛానెల్ వెలగాలి. వదిలితే సున్నా. మా బావకి మొదట్లో ఇది చిరాకు, “రెండు చేతులూ దీనికేనా, కాఫీ ఎప్పుడు తాగేది” అనేవాడు. ఇప్పుడు అది లేని బాక్స్ ముట్టుకోడు.

ప్రొజెక్టర్ కొనేముందు తప్పకుండా చేయాల్సిన పరీక్ష ఒకటుంది. బీమ్ వెలుగుతుండగా డీఎంఎక్స్ కేబుల్ లాగేయండి. కొన్ని చీకటైపోతాయి, కొన్ని చివరి స్థితిలో ఉండిపోతాయి, కొన్ని ఆటో మోడ్‌లోకి వెళ్లి తమ ఇష్టం వచ్చినట్టు బీమ్‌లు విసురుతాయి. పోరూరు దగ్గర ఒక మండపంలో కరెంటు నుంచి జనరేటర్‌కి మారినప్పుడు అద్దెకి తెచ్చిన ప్రొజెక్టర్ ఒకటి సరిగ్గా అదే చేసింది. మా బాక్స్ మళ్లీ లేచేలోపు గది నిండా ఆకుపచ్చ బీమ్‌లు. స్టేజి మీదున్న ఫోటోగ్రాఫర్ కెమెరా కింద పెట్టేశాడు, తెలివైనవాడు, లేజర్ తగిలితే సెన్సర్ మీద మచ్చ పడిపోతుంది.

అందుకే ఎంత కోడ్ రాసినా, లేజర్ బయటికొచ్చే కిటికీ ముందు నల్ల రంగు వేసిన రేకు ఒకటి బిగించండి, కింది సగం మూసుకునేలా. స్టిక్ ఎంత కిందికి లాగినా జనం తలల మీదికి బీమ్ దిగకూడదు. అమెరికాలో నేల నుంచి 3 మీటర్లు అనే లెక్క పాటిస్తారు. మన పెళ్లిళ్లలో కుర్చీలెక్కి ఫోన్లు పట్టుకునేవాళ్లుంటారు, నేను ఇంకొంచెం పైకే పెడతాను. ఓపెన్ గ్రౌండ్ అయితే ఆకాశం వైపు వేయనే వద్దు, విమానాశ్రయం పక్కనుండే పల్లావరం, మీనంబాక్కం చుట్టుపక్కల అసలే వద్దు.

సోల్డరింగ్‌కి ముందు ఒక ఉచిత ప్రయోగం చేసి చూడండి. ఇంట్లో పాత యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ ఉంటే, క్యూఎల్‌సీ ప్లస్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌వై ప్యాడ్‌కి దాన్ని కలిపి, కంప్యూటర్ నుంచి డీఎంఎక్స్ పంపే యూఎస్‌బీ డాంగుల్‌తో ప్రొజెక్టర్‌ని తిప్పి చూడొచ్చు. డాంగుల్ ఎవరి దగ్గరైనా అప్పు తెచ్చుకోండి. చేత్తో తిప్పడం మీకు నిజంగా కావాలో లేదో ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

మీ మోడల్ ఛానెల్ పట్టిక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఎక్స్, వై ఛానెళ్లు ఎక్కడ కట్ చేయాలో చూసి చెబుతాను.