మోటారు గేర్ ఆయిల్ గురించి మేనల్లుడికి

అల్లుడూ,

కొత్తపట్నం నుంచి మామ దీవెనలు. మీ నాయన పడవ మోటారు ఇకమీదట నువ్వే చూసుకుంటానన్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. అయితే జూన్ 14 దాటాక, మళ్లీ వేటకు పోయేముందు ఆయిల్ మారుస్తానన్నావట. అన్నాళ్లు ఆగొద్దురా. ఏప్రిల్ 15న చేపల వేట నిషేధం మొదలై పడవ ఒడ్డెక్కిన వారంలోనే మార్చెయ్. గేర్ బాక్సులోకి ఉప్పునీళ్లు దిగి ఉంటే, ఆ 61 రోజులూ అక్కడే కూర్చుని గేరు పళ్లకూ బేరింగులకూ తుప్పు పట్టిస్తాయి.

అది పాత టూ స్ట్రోక్ మోటారు. పైన ఇంజినులో విడిగా మార్చే ఆయిల్ ఉండదు, పెట్రోలులో కలిపి పోసేదే. నువ్వు మార్చాల్సింది కింద, నీళ్లలో తిరిగి పడవను నెట్టే ఫ్యాను దగ్గరున్న గేర్ బాక్సులోది. దానికి బోటు మోటార్ల గేర్ ఆయిలే కొను. రెండు డబ్బాలూ కలగాపులగం కానివ్వకు.

మోటారును ఒక రాత్రంతా నిలువుగా ఉంచు. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి. పొద్దున ముందు ప్లగ్గు వైరు ఊడదియ్, ఫ్యాను దగ్గర చేతులు పెడతావు కదా. తర్వాత కింది స్క్రూ కాస్త వదులు చెయ్. ఉప్పుకు బిగుసుకుపోయి ఉంటుంది. గాడికి సరిగ్గా పట్టే వెడల్పాటి స్క్రూడ్రైవర్ పెట్టి, వెనక సుత్తితో రెండు దెబ్బలు వేసి తిప్పు. కొన్ని పాత మోటార్లకు ఆ పక్కనే ప్లస్ గాడి స్క్రూ ఒకటి ఉంటుంది, అది గేరు మార్చే భాగాన్ని పట్టి ఉంచేది. దాన్ని అస్సలు ముట్టుకోవద్దు.

మొదట కారేదాన్ని జాగ్రత్తగా చూడు. నీళ్లు వచ్చినా, ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉన్నా, నీళ్లు లోపలికి దిగకుండా ఆపే సీలు పోయినట్టే. స్క్రూ కొసకు బూడిదలాంటి మెత్తటి పొడి అంటితే పరవాలేదు, ఇనప ముక్కలు కనబడితే మాత్రం మెకానిక్కును పిలువు. ఒక ఏడు నేను తెల్లబారిన ఆయిల్ చూసి కూడా, కొత్తది పోస్తే సరిపోతుందిలే అనుకున్నాను. కొన్ని వారాలకే నడిసముద్రంలో గేరు పళ్లు ఊడిపోయాయి. రాత్రంతా లంగరేసుకుని కూర్చుంటే, తెల్లారాక పక్క ఊరి పడవ తాడు కట్టి లాక్కొచ్చింది. మీ అత్త ఆ రాత్రంతా ఒడ్డునే ఉంది.

సీలు పోవడానికి ఎక్కువసార్లు మన వల దారమే కారణం. ఫ్యాను తీసి చూడు, షాఫ్టుకు నైలాను దారం చుట్టుకుని సీలును కోసేస్తూ ఉంటుంది. నెలకోసారైనా చూసుకో.

పై స్క్రూ కూడా తీస్తేనే గాలి ఆడి పాతదంతా కారుతుంది. కొత్త ఆయిల్ కింది బెజ్జంలోంచే ఎక్కించు. పైనుంచి పోస్తే లోపల గాలి నిలిచిపోయి, నిండినట్టు మోసం చేస్తుంది. బుడగలు ఆగి పై బెజ్జంలోంచి ఆయిల్ కారేదాకా నింపు. ముందు పై స్క్రూ బిగించి, ఆ తర్వాతే గొట్టం తీసి కింది స్క్రూ పెట్టు. రెండింటికీ కొత్త వాషర్లు వెయ్యి. పాతవాటితో సరిపెట్టుకోవద్దు.

తీసిన ఆయిల్ ఇసుకలో పొయ్యకు, డబ్బాకు పట్టి షెడ్డులో ఇచ్చెయ్. కొంచెం మాత్రం గాజు సీసాలో పోసి ఉంచు. వచ్చే ఆదివారం మైపాడు వస్తున్నాను, ఎండలో పెట్టి అడుగున నీళ్లు తేలతాయేమో చూద్దాం.

నీ మామ