హైడ్రాలిక్స్ పోతే కంగారు వద్దు, లెక్క చూసుకో

చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

సిమ్యులేటర్‌లో గ్రీన్, యెల్లో హైడ్రాలిక్స్ రెండూ ఒకేసారి తీసేసి నీకు చెమటలు పట్టించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. కో పైలట్‌గా కుడి సీట్లోకి వచ్చేవాళ్ళెవరికైనా అది తప్పని తతంగమే. గట్టెక్కావు కదా, ఇక ఆ టెన్షన్ వదిలెయ్. నిజం విమానంలో అదే జరిగితే ఏం చూసుకోవాలో నాలుగు ముక్కలు రాస్తున్నాను. మీ కంపెనీ మాన్యువల్‌కీ నా మాటకీ ఎక్కడైనా తేడా వస్తే మాన్యువల్‌నే పట్టుకో.

మీ ఏ320లో హైడ్రాలిక్స్, అంటే రెక్కల పలకల్నీ చక్రాల్నీ బ్రేకుల్నీ కదిలించే ద్రవం ఒత్తిడి, పోతే ఎగరడానికి వచ్చే ఇబ్బంది తక్కువ, దిగాక ఆగడానికి వచ్చే ఇబ్బంది ఎక్కువ. గ్రీన్, బ్లూ, యెల్లో అని మూడు వ్యవస్థలు, మూడూ వేర్వేరు, ఒక్కోదాంట్లో 3,000 పీఎస్‌ఐ ఒత్తిడి. ఏ ఒక్కటి మిగిలినా విమానం నీ మాట వింటుంది. కాబట్టి గంట మోగగానే చెయ్యి స్విచ్చుల మీదకి పోకూడదు. నడిపేవాళ్ళు నడుపుతూనే ఉండాలి. రెండోవాళ్ళు ఈక్యామ్ (ఏం పాడైందో, ఏం చెయ్యాలో చూపే స్క్రీన్) చదవాలి, చదివింది ఇద్దరూ చూశాకే స్విచ్ కదలాలి.

మొదట ఆగి చూడాల్సింది పీటీయూని, అంటే ఒక వ్యవస్థ బలంతో రెండోదానికి ఒత్తిడి తెచ్చే యంత్రాన్ని. ధవళేశ్వరంలో తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు మూడూ విడివిడిగా బయల్దేరతాయి కదా, ఒకదానికి గండి పడితే ముందు ఆ కాలువ తలుపులు దించుతారు, ఇంకా నీళ్ళు వదలరు. ఇక్కడా అంతే. పీటీయూ గ్రీన్‌కీ యెల్లోకీ మధ్య బలాన్ని మాత్రం అందిస్తుంది, ద్రవాన్ని కలపదు. రెండింటి ఒత్తిడిలో తేడా 500 పీఎస్‌ఐ దాటితే తనంతట తనే మొదలవుతుంది. ఒక పక్క ద్రవమే కారిపోయి ఉంటే అది ఆగకుండా తిరిగి తిరిగి వేడెక్కి, బాగున్న రెండోదాన్ని కూడా పాడు చేస్తుంది. అందుకే రిజర్వాయర్ లెవెల్ పడిపోయినప్పుడు ఈక్యామ్ దాన్ని ఆపెయ్యమంటుంది. కేబిన్‌లో నేల కింద నుంచి కుక్క మొరుగుతోందని ప్రయాణికులు హడలిపోయేది ఆ పీటీయూ చప్పుడుకే. మామూలు రోజుల్లోనూ వినిపిస్తుంది, అది విని గాభరా పడకు.

గ్రీన్ ఒక్కటే పోతే పాన్ పాన్ (అత్యవసరమే కానీ ప్రాణాపాయం లేదు) అని చెప్పి తీరిగ్గా పని చేసుకోవచ్చు. గ్రీన్, యెల్లో రెండూ పోతే మేడే (ప్రాణాపాయం) అని చెప్పాలి, స్క్రీన్ మీద ఎర్రగా ల్యాండ్ అసాప్ (వీలైనంత త్వరగా దిగు) అని వస్తుంది. ఆ అక్షరాలు చూసి దగ్గరున్న రన్‌వే మీద పడిపోదామనిపిస్తుంది. ఆగు. ఆ పరిస్థితిలో నీ దగ్గర ఏమేం లేవో చూడు. ఫ్లాప్స్ (నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక దించే పలకలు) ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి, దిగే స్పీడు పెరుగుతుంది. ఇంజన్ గాలిని ముందుకి మళ్ళించి వేగం తగ్గించే రివర్సర్లు రెండూ లేవు. రెక్కల మీద లేచి విమానాన్ని నేలకి అదిమే స్పాయిలర్లు చాలామటుకు లేవు. ముందు చక్రం తిరగదు. బ్రేకులకి అక్యుమ్యులేటర్‌లో దాచుకున్న ఒత్తిడే దిక్కు. మధురపూడి (మన రాజమండ్రి విమానాశ్రయం) పక్కనే కనబడుతోందని, ఇల్లు దగ్గరని దిగిపోవడం కాదు, ల్యాండింగ్ దూరం లెక్క వేసి, అది సరిపోయే వాటిలో దగ్గరది పట్టుకోవాలి. శంషాబాద్‌లో 4,260 మీటర్ల రన్‌వే ఉంది, ఫైరింజన్లూ, విమానాన్ని లాగే టగ్గులూ ఉన్నాయి. మన వైపు తుఫాను రోజుల్లో రన్‌వే తడిగా ఉంటే, అడ్డగాలి వీస్తుంటే ఆ లెక్క ఇంకా మారిపోతుంది. ఒకళ్ళు వేసిన లెక్క రెండోవాళ్ళు మళ్ళీ వెయ్యాలి.

చక్రాలు దించడం దగ్గర తొందర వద్దు. గ్రీన్ లేకపోతే చేత్తోనే. సీట్ల మధ్య వెనకాల ఉన్న హ్యాండిల్ పైకి లాగి, కుడి వైపుకి మూడు చుట్లు తిప్పాలి. చక్రాలు తమ బరువుకి కిందకి జారతాయి, తలుపులు తెరుచుకునే ఉండిపోతాయి. మళ్ళీ పైకి రావు. వాటిని వేలాడేసుకుని ఇంకో ఊరు వెళ్ళాలంటే ఇంధనం చాలదు. అందుకని ఈ రన్‌వే మీదే దిగుతున్నామని తేలాకే ఆ హ్యాండిల్ ముట్టుకో. రెండూ పోయినప్పుడైతే చక్రాలు దిగగానే డైరెక్ట్ లా (కంప్యూటర్ సాయం లేకుండా నీ చేతి కదలిక నేరుగా పలకలకి వెళ్ళే పద్ధతి) కూడా వస్తుంది, చేతిలో విమానం మరోలా ఉంటుంది. ఆ తేడాకి అలవాటు పడేంత దూరం ముందు పెట్టుకోండి.

నేల తగిలాక బ్రేకు పదే పదే తొక్కకు. అక్యుమ్యులేటర్‌లో ఉన్నది సుమారు ఏడు సార్లకి సరిపడా ఒత్తిడే. చక్రాలు బిగిసి జారకుండా కాపాడే యాంటీ స్కిడ్ ఉండదు, అందుకని బ్రేకు ఒత్తిడి చూపే చిన్న గడియారం మీద 1,000 పీఎస్‌ఐ దాటకుండా మెల్లగా తొక్కి అలాగే పట్టి ఉంచాలి. ఈ ఒక్క ముక్క కళ్ళు మూసుకుని అప్పజెప్పగలగాలి నువ్వు.

ఇంకోటి. మన గోదారోళ్ళకి పెద్దవాళ్ళేమన్నా "ఆయ్" అనేసే అలవాటు. ఇంట్లో ముచ్చటే, కాక్‌పిట్‌లో కుదరదు. కెప్టెన్ గారు పొరపాటు స్విచ్ మీద చెయ్యి పెడితే మర్యాదగానే, కానీ వెంటనే ఆపు. 1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ 232కి తోక ఇంజన్ పగిలి మూడు హైడ్రాలిక్స్ పోయాయి. కెప్టెన్ అల్ హేన్స్, ప్రయాణికుడిగా వచ్చిన శిక్షకుడు డెన్నీ ఫిచ్ సాయానికి వస్తానంటే మొహమాటపడలేదు, థ్రాటిల్స్ (ఇంజన్ బలం పెంచి తగ్గించే లివర్లు) ఆయన చేతికే ఇచ్చాడు. మిగిలిన రెండు ఇంజన్ల బలంతోనే సూ సిటీ దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. ఆ కాక్‌పిట్‌లో ఎవరి నోరూ మూయించలేదు.

కేబిన్ వాళ్ళకి ఏం జరిగింది, ఏం చేస్తున్నాం, ఎంతసేపు పడుతుంది అన్నవి చెప్పు. అనౌన్స్‌మెంట్ తెలుగులో కూడా ఇవ్వు, మన రూట్‌లో ఎక్కే బామ్మలకి ఇంగ్లీషు ముక్కలు వింటే భయం ఎక్కువవుతుంది.

ఆగాక పార్కింగ్ బ్రేకు వెయ్యాలా వద్దా అన్నది బ్రేకుల వేడి చూసి తేల్చుకోండి. ట్యాక్సీ చెయ్యలేం, అంటే సొంతంగా నేల మీద నడుపుకుంటూ పక్కకి పోలేం, రన్‌వే మూసుకుపోతుందని టవర్‌కి గాల్లో ఉండగానే చెప్పి ఉంచు, టగ్గు తయారుగా ఉంటుంది. విమానం లోపాలు రాసే టెక్ లాగ్‌లో ఏ దీపం ఎప్పుడు వచ్చింది, ఏ స్విచ్ ఎప్పుడు ఆపారు అన్నది వరసగా రాయి, ఇంజనీర్లు అక్కడి నుంచే మొదలుపెడతారు. ఆ తర్వాత మీ నాన్నకి ఫోన్ చెయ్యి, టీవీ వాళ్ళు చెప్పకముందే.

మీ పెదనాన్న,
అమలాపురం